బిడ్డకు మందు ఇచ్చాము, బాధ్యత ఇవ్వలేదు

(సంఘం వార్షిక సభలో కార్యవర్గం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో మేము లెక్కలు చదువుతాము. ఎంతమందికి ఫీజులు కట్టాము, ఎన్ని కుట్టుమిషన్లు ఇచ్చాము, ఎందరు పేదింటి ఆడపిల్లల నికాహ్‌కు చేయూతనిచ్చాము, రంజాన్‌లో ఎన్ని ఇళ్లకు రేషన్ చేర్చాము అని చెప్తాము. మీరు చప్పట్లు కొడతారు. మేమూ సంతోషంగా ఇళ్లకు పోతాము. ఈసారి కూడా ఆ లెక్కలు సావనీరులో వేరే పేజీల్లో అచ్చయ్యాయి. ఈ పది నిమిషాలు మాత్రం మేము ఒక బాకీ గురించి మనవి చేయదలిచాము. అది డబ్బు బాకీ కాదు. డబ్బు సరిగ్గానే ఇచ్చాము. ఇవ్వవలసింది మరొకటి ఉండెను, అది ఇవ్వలేదు.

మండీబజార్ వైపు ఒక కుటుంబం ఉన్నది. పేరు చెప్పము. తండ్రి ఆటో నడుపుతాడు. 11 ఏళ్ల కొడుకు ఉన్నట్టుండి చిక్కిపోయాడు, బిందెలకు బిందెలు నీళ్లు తాగుతున్నాడు, రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నాడు. దిష్టి తగిలిందన్నారు, తావీజు కట్టించారు. చివరకు మగతలో ఉన్న పిల్లవాణ్ణి ఆసుపత్రికి మోసుకుపోతే అది షుగరు అని తేలింది. పెద్దవాళ్లకు వచ్చే షుగరు కాదు, పిల్లల్లో వచ్చే టైప్ 1 షుగరు. దీనిలో కడుపులోని క్లోమ గ్రంథి ఇన్సులిన్ తయారుచేయడం దాదాపు పూర్తిగా మానేస్తుంది. మాత్రలతో నడవదు. పథ్యంతో నడవదు. బతికినన్ని రోజులూ ఇన్సులిన్ సూది తీసుకోవలసిందే.

ఆ తండ్రి మా దగ్గరకు వచ్చాడు. ఇన్సులిన్‌కు, రక్తం పరీక్ష చేసే పట్టీలకు నెలనెలా సాయం ఇస్తామన్నాము, ఇచ్చాము. 7 ఏళ్లు ఒక్క నెల తప్పకుండా ఇచ్చాము. ప్రతి నెలా తండ్రి వచ్చేవాడు, సంతకం పెట్టేవాడు, దువా ఇచ్చి వెళ్లేవాడు. ఇంట్లో తల్లి సూది వేసేది. పిల్లవాడు ఇంటర్ పాసయ్యాడు. 18 ఏళ్లు నిండినంక హైదరాబాదులో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో పనికి కుదిరాడు. మరో నలుగురితో కలిసి గదిలో ఉండేవాడు. తనకు షుగరు ఉందని ఆ నలుగురిలో ఒక్కనికీ చెప్పలేదు. యజమానికి చెప్తే కొలువు పోతుందని భయం. దోస్తులకు చెప్తే నవ్వుతారని సిగ్గు.

రంజాన్ వచ్చింది. గదిలో అందరూ రోజా ఉంటున్నారు. తాను ఒక్కడే ఎట్లా తింటాడు? తానూ ఉన్నాడు. పగలంతా తినడం లేదు గదా, తిననప్పుడు సూది ఎందుకు అనుకొని ఇన్సులిన్ మానేశాడు. తల్లి ఫోనులో "సూది వేసుకుంటున్నావా బేటా?" అని అడిగితే "వేసుకుంటున్నా అమ్మీ" అన్నాడు. మూడో రోజు వాంతులు మొదలైనవి. బయట తిన్న తిండి పడలేదనుకొని దోస్తులు షర్బత్ తాగించారు. పాపం, వాళ్లకు ఏం తెలుసు? మర్నాటికి స్పృహ తప్పింది. ఆసుపత్రిలో చేర్చేసరికి ఆలస్యమైపోయింది. రెండు రోజుల తర్వాత మేమందరమూ ఇక్కడే వరంగల్‌లో అతని జనాజా నమాజు చదివాము.

ఆ రాత్రి మేము ఆఫీసులో కూర్చొని రిజిస్టరు తెరిచి చూశాము. 7 ఏళ్లలో 84 పద్దులు. 84 సంతకాలు. అన్నీ తండ్రివే. ఆ పిల్లవాని సంతకం ఒక్కటీ లేదు. "నీకున్న జబ్బు ఏమిటి బాబూ? సూది మానేస్తే ఏమవుతుందో తెలుసునా?" అని మేము అతనిని ఒక్కసారి కూడా అడగలేదు. అతని ముఖం మాలో సగం మందికి జనాజా రోజునే తెలిసింది. మేము తల్లిదండ్రులను తప్పుపట్టము. వాళ్లు కొడుకును కంటికి రెప్పలా కాచుకున్నారు. దోస్తులనూ తప్పుపట్టము. తప్పు మాది. బిడ్డకు మందు ఇచ్చాము, బాధ్యత ఇవ్వలేదు.

సోదరులారా, ఇటువంటి పిల్లలు పెద్దవాళ్లవడం లోకానికే కొత్త సంగతి. ఒకప్పుడు టైప్ 1 షుగరు వచ్చిన పిల్లలు కొన్ని నెలలకో, మహా అయితే ఏడాది రెండేళ్లకో పోయేవారు. కెనడా దేశం టొరాంటో నగరంలో 1922 జనవరిలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లవానికి మొట్టమొదటగా ఇన్సులిన్ ఇచ్చారు. మొదటి సూది శుద్ధి సరిగా లేక పనిచేయలేదు. కొద్దిరోజులకు శుద్ధిచేసిన మందు ఇస్తే లేచి కూర్చున్నాడు. మరో 13 ఏళ్లు బతికాడు. అంటే ఆ మందు ముట్టిన మొదటి మనిషే మీసాలు మొలిచే వయసు పిల్లవాడన్న మాట. తలసేమియా పిల్లలూ అంతే, గుండె కవాటాలు చెడిన పిల్లలూ అంతే. ఇదివరకు పెద్దవాళ్లయ్యేదాకా ఉండేవారు కాదు గనుక వాళ్ల కాలేజీ, కొలువు, పెళ్లి, సంతానం గురించి ఎవరూ ఆలోచించవలసిన పని పడలేదు. ఇప్పుడు అల్లాహ్ దయవల్ల, వైద్యుల కృషివల్ల వాళ్లు బతుకుతున్నారు. బతుకుతున్నారు గనుకనే ఈ ప్రశ్న వచ్చింది. ఇది మంచి కాలం తెచ్చిన కష్టం.

ఇక ఏ వయసులో ఏమి అప్పగించాలి అన్నది చూద్దాము. ఇది మన దీన్‌లో లేని పద్ధతి కాదు. పిల్లలకు నమాజు ఎట్లా నేర్పుతాము? ఏడేళ్లకు మొదలుపెట్టమన్నారు, పదేళ్లకు గట్టిగా చెప్పమన్నారు. బాలిగ్ అయ్యేసరికి అది వాని సొంత బాధ్యత అయిపోతుంది. ఒక్క రోజున ముసల్లా చేతిలో పెట్టి "రేపటినుంచి నువ్వే చదువుకో" అని ఏ తండ్రీ అనడు. పక్కన నిలబెట్టుకొని, తప్పులు దిద్ది, కొన్నేళ్లు కలిసి చదివి, అప్పుడు వదులుతాడు. అల్లాహ్ ఎదుట జవాబుదారీ వహించే వయసు వచ్చిందని ఒప్పుకున్న బిడ్డకు, తన ఒంట్లోని జబ్బు విషయంలో మాత్రం ఇంకా పసివాడనే లెక్క కడుతున్నాము. ఆ తర్వాత ఒక్కసారిగా బస్సెక్కించి పంపిస్తున్నాము. ఈ రెండూ పొరపాట్లే.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి ఇది. పదేళ్ల వయసుకే తన జబ్బు పేరు, మందు పేరు పిల్లకు నోటికి రావాలె. "ఏదో బలం సూది" అని చెప్పి మభ్యపెట్టవద్దు. 12, 13 ఏళ్లకు మీ కళ్లముందు సూది తానే వేసుకోవాలె, మాత్రలు తానే లెక్కపెట్టుకోవాలె. 14, 15 ఏళ్లకు డాక్టరు దగ్గర ముందు తాను మాట్లాడాలె, మీరు మధ్యలో అందుకోవద్దు, మరిచిపోయినది చివర చెప్పండి. ఆ వయసులో డాక్టరుతో రెండు నిమిషాలు ఒంటరిగా మాట్లాడనివ్వండి. అమ్మ ముందు అడగలేని ప్రశ్నలు ఉంటాయి. 16, 17 ఏళ్లకు మందు అయిపోకముందే తానే దుకాణానికి పోయి తెచ్చుకోవాలె, ఓపీ చీటీ తానే తీసుకోవాలె. 18 నాటికి పూర్తిగా చేతికిచ్చేయండి. చేతికి ఇవ్వడమంటే చెయ్యి వదిలేయడం కాదు. ఈ వయసు పిల్లలు కోపమొచ్చి మందు మానేస్తారు, విసుగొచ్చి మానేస్తారు, "నాకే ఎందుకు?" అని ఏడ్చి మానేస్తారు. అప్పుడు తిడితే అబద్ధం చెప్పడం నేర్చుకుంటారు. "వేసుకున్నావా?" అని అడిగితే "ఆ" అంటారు. "ఈ రోజు ఎంత వచ్చింది, చూద్దాం పట్టు" అని పక్కన కూర్చుంటే నిజం చెప్తారు.

ఆసుపత్రి మారడం మరొక కష్టం. పిల్లల వార్డులో డాక్టరుకు, నర్సు సిస్టరుకు మన బిడ్డ పేరు తెలుసు. ఒక వయసు దాటినంక పెద్దల ఓపీకి పొమ్మంటారు. అక్కడ లైను పెద్దది, ముఖాలు కొత్తవి, చుట్టూ 60 ఏళ్ల షుగరు రోగులు. రెండుసార్లు పోయి మూడోసారి పోవడం మానేసిన పిల్లలు మాకు తెలుసు. మన ఊళ్లో మహాత్మాగాంధీ మెమోరియల్ ఆసుపత్రి ఉన్నది, దానికి తోడు 1959లో వచ్చిన కాకతీయ మెడికల్ కాలేజీ ఉన్నది. చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వెతుక్కుంటూ ఇక్కడికే వస్తారు. మనకు ఆటో దూరమే. అయినా పోకపోతే ఎవరిది తప్పు? పిల్లల డాక్టరును వదిలే ముందు ఒక్క కాగితం అడిగి రాయించుకోండి. జబ్బు ఏది, ఎప్పుడు మొదలైంది, ఏ మందు ఎంత మోతాదు, ఏది పడదు, రక్తం గ్రూపు ఏది, చివరి పరీక్షల్లో ఏమొచ్చింది. దానికి నాలుగు జిరాక్సులు తీయించి ఒకటి పిల్లవాని పర్సులో ఉంచండి. కొత్త డాక్టరు దగ్గరకు మొదటి రెండు మూడుసార్లు తోడు పోండి, కానీ బల్ల దగ్గర కుర్చీలో పిల్లవాణ్ణి కూర్చోబెట్టి మీరు వెనుక నిలబడండి.

ఇన్సులిన్ వాడే పిల్లలకు తెలిసి తీరవలసిన కొన్ని సంగతులు ఇక్కడ అచ్చువేస్తున్నాము. దయచేసి ఈ పేజీని దాచుకోండి.

మొదటిది. వాంతులైనా, జ్వరమొచ్చినా, తిండి తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా మానరాదు. మోతాదు ఎంత తగ్గించాలో పెంచాలో డాక్టరు చెప్పాలె, కానీ మానడం మాత్రం లేదు. ఇన్సులిన్ లేకపోతే ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది, దానివల్ల రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. విపరీతమైన దాహం, కడుపునొప్పి, వాంతులు, రొప్పుతూ లోతుగా ఊపిరి పీల్చడం, నోటినుంచి మాగిన పండువంటి వాసన, ఇవి దాని గుర్తులు. వెంటనే ఆసుపత్రికి పోవాలె, గంటలు లెక్క.

రెండవది. షుగరు 70 కంటే దిగితే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, తిక్కతిక్కగా మాట్లాడటం ఉంటాయి. వెంటనే 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలె. 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష చేయాలె, పెరగకపోతే మళ్లీ ఇవ్వాలె. స్పృహ తప్పిన వాని నోట్లో ఏదీ పోయరాదు, గొంతుకు అడ్డం పడుతుంది, ఆసుపత్రికి తీసుకుపోవాలె.

మూడవది. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు 40 యూనిట్లవి ఉన్నాయి, 100 యూనిట్లవి ఉన్నాయి. 40 సీసాకు ఎర్రమూత సిరంజి, 100 సీసాకు నారింజ మూత సిరంజి. ఇది తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. కొత్త ఊళ్లో కొత్త దుకాణంలో కొన్నప్పుడు పిల్లవాడే చూసుకోవాలె, అక్కడ తల్లి ఉండదు.

నాలుగవది. గదిలో ఫ్రిజ్ లేదని భయపడనక్కరలేదు. మన వరంగల్ ఎండాకాలం సంగతి మీకు తెలిసిందే. మట్టికుండలో నీళ్లు పోసి, సీసాను నీళ్లు చొరని డబ్బాలో పెట్టి దానిలో ఉంచి నీడన పెడితే చల్లగా ఉంటుంది. తెరిచిన సీసాను సుమారు 4 వారాలలోపు వాడేయాలె. గడ్డకట్టినది పనికిరాదు.

ఐదవది, అన్నిటికంటే ముఖ్యమైనది. గదిలో ఉన్నవారిలో కనీసం ఒక్కనికైనా చెప్పాలె. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే మన పిల్లవాడు ఈ రోజు ఈ సభలో కుర్చీలు సర్దుతూ ఉండేవాడేమో.

రోజా విషయం వేరుగా చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే మన ఇళ్లలో ఈ మాట చెప్పడానికి పెద్దలే వెనుకాడతారు. దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 184, 185 ఆయత్‌లలో రోగికి మినహాయింపు స్పష్టంగా ఉన్నది. కోలుకునే జబ్బయితే తర్వాత రోజుల్లో పూర్తి చేసుకోవచ్చును, కోలుకునే ఆశ లేని జబ్బయితే ఫిద్యా, అంటే రోజుకొక పేదకు అన్నం పెట్టడమని మన ఉలమా చెప్తారు. టైప్ 1 షుగరు ఉన్నవారికి ఉపవాసం ఎక్కువ ప్రమాదమని ప్రపంచ డయాబెటిస్ సమాఖ్య 2021లో వెలువరించిన రంజాన్ మార్గదర్శకాల్లోనూ ఉన్నది. అయినా ఉండాలనుకునే పిల్లలు నెల ముందే డాక్టరును కలిసి మోతాదులు మార్పించుకోవాలె. పగలు వేలు గుచ్చి పరీక్ష చేసుకుంటే రోజా చెడదు, ఇన్సులిన్ సూదితోనూ చెడదు అన్నది ఎక్కువమంది ఉలమా అభిప్రాయం. షుగరు 70కి దిగినా 300 దాటినా రోజా విడిచేయాలె. ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉన్నది గదా అని ఓర్చుకోవద్దు. ఈ మాటలు మా నోట విన్నదానికంటే జుమా నాడు మింబర్ మీదనుంచి ఇమాం సాహెబ్ చెప్తే పిల్లలకు సిగ్గు పోతుంది. షాబాన్ నెలలో ఒక జుమా దీనికి కేటాయించవలసిందిగా మసీదు కమిటీలను వినయపూర్వకంగా కోరుతున్నాము.

తలసేమియా గురించి రెండు మాటలు. ఈ పిల్లలకు 2 నుంచి 4 వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలె. ఎక్కించే ప్రతి యూనిట్ రక్తంతో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి పోతుంది. దానిని బయటికి పంపే దారి మన ఒంటికి లేదు. అది గుండెలో, కాలేయంలో, గ్రంథులలో పేరుకుంటుంది. తోటివాళ్లు ఎదుగుతుంటే తాను పొట్టిగా, చిన్నపిల్లగా ఉండిపోవడానికి కారణమూ అదే. ఇనుమును తీసివేసే మందు ఒకప్పుడు రాత్రంతా పొట్టకు సూది గుచ్చుకొని పంపుతో ఎక్కించుకోవలసి వచ్చేది, ఇప్పుడు మాత్రలూ వచ్చాయి. రక్తం ఎక్కించుకున్న రోజు హుషారు కనిపిస్తుంది. మాత్ర వేసుకున్న రోజు ఏమీ కనిపించదు. అందుకే 15, 16 ఏళ్లకు మాత్రలు పరుపు కింద దాచేస్తారు. ఇనుము గుండెను కొట్టేది ఆ తర్వాతనే. ఈ లెక్క పిల్లకే చెప్పి అర్థం చేయించాలె.

మా సాయం పొందుతున్న ఒక తలసేమియా అమ్మాయి డిగ్రీ చదువుతున్నది. ఫెరిటిన్ పరీక్షలో వచ్చిన అంకెలు తన నోటుబుక్కులో తేదీలవారీగా తానే రాసుకుంటుంది. ఈ అలవాటు ఎవరు నేర్పారని అడిగితే "మా అబ్బాది కిరాణా దుకాణం. ఖాతా రాయడం ఇంట్లోనే నేర్చుకున్నాను" అన్నది. జబ్బుకు ఖాతా రాయాలన్నది మేము ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నాము.

ఈ సభలో కూర్చున్న యువకులారా, 18 నుంచి 65 ఏళ్లలోపు ఆరోగ్యవంతులైన మగవారు 3 నెలలకు ఒకసారి, ఆడవారు 4 నెలలకు ఒకసారి రక్తం ఇవ్వవచ్చును. హనుమకొండలో రెడ్ క్రాస్ రక్తనిధి ఉన్నది, ఎంజీఎంలో రక్తనిధి ఉన్నది. రంజాన్‌లో, ఎండాకాలం సెలవుల్లో దాతలు తగ్గిపోతారు, తలసేమియా పిల్లలకు సెలవులుండవు. ఇఫ్తార్ తర్వాత కూడా ఇవ్వవచ్చును.

పెళ్లి సంగతి చెప్పకుండా ఈ ప్రసంగం ముగిస్తే మేము పిరికివాళ్లమవుతాము. మన ఇళ్లలో మామూ కొడుకుకు, ఫూఫీ కూతురికి సంబంధాలు కలుపుకోవడం మామూలే. తల్లిదండ్రులిద్దరూ తలసేమియా వాహకులైతే, చూడటానికి ఇద్దరికీ ఏ జబ్బూ ఉండదు గాని, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. దగ్గరి సంబంధాల్లో ఇద్దరూ వాహకులయ్యే వీలు ఎక్కువ. నికాహ్‌కు ముందు హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది. హైదరాబాదులోని తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి ఈ పిల్లల కోసం పనిచేస్తున్నది. ములుగు వైపు ఏజెన్సీ గూడేల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బుపై కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. వాళ్లు పరీక్షలు చేయించుకుంటున్నారు, మనకు ఎందుకు నామోషీ?

ఇక జబ్బు దాచి పెళ్లి చేయడం. ఇందులో మేమూ పాలుపంచుకున్నాము. సంబంధం మాట్లాడే పెద్దలలో మేము ఉన్నాము, తెలిసీ నోరు మూసుకున్నాము. "ఆడపిల్ల బతుకు గదా, ఎందుకు చెడగొట్టాలె" అనుకున్నాము. ఆ పిల్ల అత్తగారింట్లో సూది బియ్యం డబ్బాలో దాచుకొని, స్నానాల గదిలో వేసుకొని, ఒక్కోరోజు వేసుకోక ఎంత నలిగిందో తర్వాత తెలిసింది. ఫిట్స్ ఉన్న పిల్లలు పెళ్లి కుదరగానే మాత్రలు ఆపేసిన సంగతులూ ఉన్నాయి. కొన్ని ఫిట్స్ మందులు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి గనుక పెళ్లికి ముందే డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలె, తమంత తాము ఆపరాదు. కీళ్లవాతం జ్వరంతో గుండె కవాటం చెడిన పిల్లలకు 3 వారాలకోసారి వేసే పెన్సిలిన్ సూది 21 ఏళ్లదాకా, కొందరికి 40 ఏళ్లదాకా కొనసాగాలె. అది పెళ్లయినంక ఆగితే, ఆపై గర్భం వస్తే, తల్లికే ప్రమాదం. షుగరున్న ఆడపిల్ల కూడా గర్భానికి ముందే షుగరును అదుపులోకి తెచ్చుకుంటే బిడ్డ క్షేమంగా పుట్టే అవకాశం ఎక్కువ. ఇవన్నీ దాస్తే కుదిరే పనులు కావు.

ఆ తర్వాత ఒక సంబంధంలో, పిల్ల ఒప్పుకున్నంక, మేము ఉన్నమాట చెప్పాము. రెండు సంబంధాలు తప్పిపోయాయి. పిల్ల తల్లి మాతో నెల రోజులు మాట్లాడలేదు. మూడో సంబంధం వాళ్లు "డాక్టరుతో ఒకసారి మాట్లాడిస్తారా?" అని అడిగారు. అబ్బాయి వచ్చి గంటసేపు కూర్చొని అన్నీ అడిగి తెలుసుకున్నాడు. నికాహ్ జరిగింది. ఇప్పుడు అత్తగారే "సూది వేసుకున్నావా?" అని అడుగుతున్నదట. ప్రతిసారీ ఇట్లాగే జరుగుతుందని మేము మాట ఇవ్వలేము. దాచినప్పుడు జరిగినది మాత్రం కళ్లారా చూశాము.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాము. 15 ఏళ్లకు ఆధార్‌లో వేలిముద్రలు మళ్లీ వేయించాలె, లేకపోతే అవసరమైన రోజున వేలిముద్ర పడదు. 18 నిండినంక బ్యాంకు ఖాతా సొంత సంతకంతో మార్పించాలె. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాలలో తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నాయి. వీరు యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చును. 40 శాతం లేదా అంతకు మించి ఉన్నదని ధ్రువీకరణ దొరికితే ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్‌కు అర్హత ఉంటుంది. టైప్ 1 షుగరు ఆ జాబితాలో లేదు, కాబట్టి దళారుల మాట నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని మన రాష్ట్రంలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి. నెలనెలా ఇన్సులిన్ ఖర్చు కుటుంబమే చూసుకోవలసి వస్తుంది, అక్కడే మన జకాత్, సదకా పనికి రావాలె. పరీక్షల మాటకొస్తే, షుగరున్న పిల్లలు తినుబండారాలు లోపలికి తీసుకుపోవచ్చునని సీబీఎస్‌ఈ 2017లోనే అనుమతించింది. ఇతర బోర్డుల పిల్లలు డాక్టరు సర్టిఫికెట్‌తో ముందుగానే హెడ్మాస్టరుకు, ప్రిన్సిపాలుకు అర్జీ పెట్టుకోవాలె. పరీక్ష రోజు గేటు దగ్గర బతిమాలితే లాభం లేదు.

చివరగా, మేము ఏం మార్చుకున్నామో చెప్పి సెలవు తీసుకుంటాము. రిజిస్టరు మార్చాము. 12 ఏళ్లు దాటిన ప్రతి బిడ్డ సాయం తీసుకోవడానికి తల్లినో తండ్రినో వెంటబెట్టుకొని తానే రావాలె, తానే సంతకం పెట్టాలె. డబ్బు ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు అడుగుతాము: నీ మందు పేరు ఏమిటి, మానేస్తే ఏమవుతుంది, నీ జబ్బు సంగతి ఇంటి బయట ఎవరికి తెలుసు? జవాబు రాకపోతే డబ్బు ఆపము, కూర్చోబెట్టి చెప్తాము. 18 నిండిన తర్వాత సాయం నేరుగా వాళ్ల చేతికే ఇస్తాము. జకాత్ హక్కుదారుని సొంతం కావాలె గదా, వాళ్లే ఇప్పుడు హక్కుదారులు. ఊరు విడిచి పోయే పిల్లవానితో గదిలోని దోస్తులకు ఇవ్వడానికి తెలుగులో, ఉర్దూలో ఒక చీటీ పంపుతాము. ఏడాదికి రెండుసార్లు ఈ జబ్బులతోనే పెద్దవాళ్లయి, కొలువులు చేసుకుంటున్న అన్నలను, అక్కలను పిలిచి పిల్లలతో కూర్చోబెడతాము. మేము వంద చెప్పినదానికంటే వాళ్లు ఒకటి చెప్తే పిల్లలు వింటారు.

ఆ పిల్లవాని తల్లి నలభై రోజులు గడిచినంక మా ఆఫీసుకు వచ్చింది. కొడుకు షుగరు చూసుకునే మిషను, దాని సంచీ బల్ల మీద పెట్టి, "ఇంకో పిల్లకు పనికొస్తది" అన్నది. అంతకంటే ఏమీ మాట్లాడలేదు. మాకూ మాట రాలేదు. ఆ మిషను ఇప్పుడు శివనగర్ వైపు 9 ఏళ్ల పాప దగ్గర ఉన్నది. 12 ఏళ్ల నియమం ఆ పాపకు ఇంకా వర్తించదు. అయినా ప్రతి నెలా అబ్బా వేలు పట్టుకొని వస్తుంది, వాళ్ల అబ్బా సంతకం కింద వంకర టింకర అక్షరాలతో తన పేరు తాను రాస్తుంది. పోయిన నెల మేము "నీ మందు పేరేమిటమ్మా?" అని అడిగితే, తడుముకోకుండా చెప్పింది.

మీ ఇంట్లో, మీ గల్లీలో ఇటువంటి బిడ్డ ఉంటే మాకు తెలియజేయవలసిందిగా, ఆ బిడ్డను వెంటబెట్టుకొని రావలసిందిగా కోరుచు, మా పొరపాటును అల్లాహ్ క్షమించుగాక అనియు, మన పిల్లలందరికీ ఆరోగ్యం, దీర్ఘాయుష్షు ప్రసాదించుగాక అనియు ప్రార్థించుచున్నాము.